ముక్కు తీర్చిన రోజు

ఆ సోమవారం పొద్దున డాక్టర్ సుంకమ్మ చేయవలసిన పనులు ఇవి.

రాణాకు తుంటి సూది వెయ్యాలి. చూపు పోయిన బిజిలీకి కళ్లలో చుక్కలు వేసి, గోడ పక్కనే నడిపించి తీసుకురావాలి. కొత్తగా చేరిన జాగిలానికి పళ్లు చూడాలి. శుక్రవారం వచ్చే కమిటీ కోసం నీళ్లతొట్లు కడిగించాలి. అమ్మకు ఫోన్ చెయ్యాలి. నిన్న చెయ్యలేదు, మొన్నా చెయ్యలేదు. తన ఎడమ మోకాలికి తనే నూనె రాసుకోవాలి. ఆఖరుగా, కంచు ఎందుకు అన్నం ముట్టడం లేదో కనుక్కోవాలి. ఈ ఆఖరి పని మాత్రం ఎన్నాళ్లుగానో ఆఖరుగానే మిగిలిపోతున్నది.

గుండ్లేరు ఊరు దాటి, వేరుశనగ చేలు మొదలయ్యే చోట ఉంది ఆ ఆసుపత్రి. బాంబుల వాసన పట్టి, దొంగల జాడ తీసి, ముసలివైపోయిన పోలీసు జాగిలాల కోసం ప్రభుత్వం కట్టించింది. ‘సేవ చేసిన జాగిలానికి ఆఖరి ఊపిరి దాకా వైద్యం’ అని గేటు మీద రాసి ఉంటుంది. గేటు మీద రాసిన మాటలు గేటు మీదే ఉండిపోవడం మనకు అలవాటే గానీ, ఇక్కడ అలా జరగలేదు. మందులున్నాయి, పాలున్నాయి, చలికాలానికి మెత్తటి పరుపులున్నాయి. లేనిది మనుషులే. వైద్యానికి సుంకమ్మ, కుక్కల ఆలనాపాలనా చూసే ఓబులేసు, వెనకవైపు ప్రయోగశాలలో డాక్టర్ శేషఫణి. అంతే.

సుంకమ్మ గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. ఉద్యోగం వచ్చిన రోజు వాళ్లమ్మ లింగమ్మ ఊరంతా బెల్లం పంచింది. పంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నెమ్మదిగా అడిగింది: “అంత సదువు సదివి కుక్కలకా పాపా మందిచ్చేది?”

“మేడం, రాణాను పట్టుకొస్తి. సూది రెడీనా?” ఓబులేసు కేక వేశాడు.

రాణా తోక ఊపుకుంటూ వచ్చింది. పోలీసు జాగిలంతో చిక్కంతా అదే. నొప్పి చెప్పదు. ముల్లు దిగినా మూలగకూడదని కూనగా ఉన్నప్పుడే నేర్పుతారు. ఆ నేర్పు ముసలితనంలోనూ వదలదు. ఎముకలు అరిగిపోతున్నా తోక ఊపుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో పది చోట్ల అరుగుదల కనిపిస్తుంది, బాధ పెడుతున్నది ఏదో మాత్రం కనిపించదు.

ఓబులేసు రాణా మెడకు ఒక పట్టీ కట్టాడు. దాని జత పట్టీని సుంకమ్మ తన మెడ వెనక బిగించుకుంది. ఎవరో మేకు దించినట్టు ఆమె కుడి తుంటి కలుక్కుమంది. బల్ల అంచు పట్టుకుని, వేలితో తన తుంటి మీదే చూపించింది. “ఇక్కడ. కొంచెం వెనక్కి.” ఓబులేసు ఒడిసి పట్టుకున్నాడు, సూది దిగింది. రాణా నొప్పి కరిగేకొద్దీ ఆమె తుంటిలో మేకు కూడా కరిగిపోయింది. పూర్తిగా కరిగాకనే పట్టీ విప్పింది.

కుక్క నొప్పి మనిషి ఒంట్లో తెలిసేలా శేషఫణి తయారుచేసిన ఈ జంటపట్టీకి ఉన్న నియమం అదొక్కటే. కుక్కకు ఉపశమనం వచ్చే క్షణంలో మనిషి మెడకు పట్టీ ఉండాలి. ముందే విప్పితే కుక్క బాధ మనిషిలో ఉండిపోతుంది. కొత్తలో వీర అనే కుక్క పట్టీతో ఉండగానే ప్రాణం వదులుతుంటే, సుంకమ్మ భయపడి లాగేసింది. వీర పోయింది. వీర మోకాలు మాత్రం ఆమె ఎడమ మోకాల్లో ఇప్పటికీ ఉంది. అందుకే ఆ నూనె.

“కమిటీవోళ్లకు నీళ్లతొట్లు సూపిస్తే ఏమొస్తాది మేడం?” అన్నాడు ఓబులేసు. “కడిగిన తొట్టి పక్కన పెట్టి బురదగుంటలోనే తాగుతాయి ఈ నాయాళ్లు.”

“ఆళ్లు బురదగుంటను కూడా రాసుకోని పోతారులే. కంచు ఏమన్నా తిన్యాదా?”

ఓబులేసు మొహంలో నవ్వు పోయింది. “కోడిగుడ్డు కూడా వాసన సూడలేదు మేడం.”

కంచు లాబ్రడార్ ఆడకుక్క. కంచు మోగినట్టు మొరిగేదట. ఇక్కడికి వచ్చాక ఎవరూ ఆ గొంతు వినలేదు. గేటు వైపు మొహం పెట్టి పడుకుంటుంది. నిద్రపోదు. చెవులు కదులుతూనే ఉంటాయి. రక్తం బాగుంది, గుండె బాగుంది. ఒంట్లో ఏమీ లేకుండానే ఎండిపోతున్నది. బాగుపడే దారి లేని జాగిలానికి శుక్రవారం కమిటీ ‘నిద్ర సూది’ మంజూరు చేస్తుంది. అది వేస్తే మళ్లీ లేవదు. ఈసారి జాబితాలో కంచు పేరు ఉంది.

సుంకమ్మ కంచు పక్కన చాప మీద కూర్చుని పట్టీ కట్టుకుంది. ఎక్కడా నొప్పి లేదు. తుంటి లేదు, పన్ను లేదు, కడుపు లేదు. ఛాతీలో మాత్రం ఎవరో దారం కట్టి ముందుకు లాగుతున్నట్టు ఏదో ఒక బిగువు. అది బాధ కాదు. బాధ కానిదాన్ని పట్టించుకోవడం ఆమె చదువులో లేదు. ‘ఏమీ లేదు’ అనుకుని పట్టీ విప్పేసింది.

అదే ఆమె చేసిన పొరపాటు.

సాయంత్రం క్వార్టర్‌కు వచ్చి స్టవ్ మీద ఎసరు పెట్టింది. కూర్చోబుద్ధి కాలేదు. అమ్మకు ఫోన్ కలిపి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

“ఏమ్మే, బతికే ఉండావా?” అంది లింగమ్మ.

“ఉండా లేమ్మా.”

“అదేలే, కుక్కలకు జరమొస్తే పరిగెత్తుతావు, కన్నతల్లికి ఫోను సేయనీక తీరదు. తిన్యావా?”

“ఎసురు పెట్న్యా.”

“కాలు ఎట్లుండాది?”

“ఉండాదిలే.”

“పెండ్లి మాట అడిగితే పలకవు, కాలు సంగతి అడిగితే పలకవు. నీ గొంతు ఇనాలంటే నేనూ కుక్కై పుట్టల్ల…” లింగమ్మ ఆగింది. “ఏందదీ సప్పుడు? గిన్నెలన్నీ కిందేస్తాండావే? ఏం ఎతుకుతాండావు?”

సుంకమ్మ చేతులు ఆగిపోయాయి. అలమర ఖాళీ అయి ఉంది. బియ్యం డబ్బా, పప్పు డబ్బా, చింతపండు జాడీ నేల మీద ఉన్నాయి. జాడీ వెనక మూలలోకి వంగి, ముక్కుతో గాలి లాగుతున్నది తను. ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయింది.

“ఏమో మా,” అంది. “తెలీదు.”

మర్నాడు ప్రయోగశాలలో శేషఫణి అంతా విన్నాడు. మంచి మనిషే. తను చేసిన పట్టీని చూసి తనే భయపడే మనిషి. తెర మీద పట్టీ నమోదు చేసిన కంచు గీతలు చూపించాడు.

“నొప్పి గీత చూడండి, నేల మీద పాకుతున్నట్టుంది. మనం కట్టింది నొప్పి కోసం. నొప్పి లేని జబ్బుకి నా దగ్గర యంత్రం లేదు, మీ దగ్గర మందు లేదు. కమిటీకి ఏం చెబుతాం?”

“దానికి జబ్బు లేద్సార్. అది ఎతుకుతాంది.”

“ఏమిటి?”

“ఎతుకుతాంది. ఇంకా డ్యూటీలోనే ఉండాది. నేనూ నిన్నటి నుంచి అదే పనిలో ఉన్నాను. మీ బీరువా కింద కూడా చూసినాను, మీరు రాకముందు.”

శేషఫణి కుర్చీలోంచి లేచాడు. “మీలో ఉండిపోయిందా? సుంకమ్మగారూ, పట్టీ ఎప్పుడు విప్పారు?”

ఆమె కళ్లు తలుపు మూలకు పోయాయి.

వరండాలో అద్దాల బీరువా ఉంది. ప్రతి జాగిలం ఫొటో, పతకం, డ్యూటీ బెల్టు అందులో పెడతారు. కంచు ఫొటోలో దాని పక్కన, దాన్ని నడిపిన హ్యాండ్లర్, చనిపోయిన హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ వలీ నవ్వుతూ ఉన్నాడు. సుంకమ్మ ఓబులేసును పిలిచింది. ఓబులేసు ఇక్కడికి రాకముందు జాగిలాల దళంలో వంట చేసేవాడు.

“ఓబులేసన్నా, ఎతికినప్పుడు కుక్కకు ఏమీ దొరకలేదనుకో. అప్పుడేం సేస్తారు?”

“దొరకనీక రోజూ బాంబులుంటాయా మేడం? ఏమీ లేకపోతే హ్యాండ్లరే జేబులోంచి బాంబు మందు వాసనుండే డబ్బా తీసి యాడో ఒకచోట దాస్తాడు. కుక్క పట్టుకుంటాది, కూసుంటాది. బంతిస్తాడు, శభాషంటాడు, తన సేత్తో బెల్టు ఇప్పుతాడు. అప్పటికి గానీ డ్యూటీ అయిపోయినట్టు కాదు. ముక్కు తీర్సడం అంటారు దాన్ని. ముక్కు తీర్సకుండా ఏ కుక్కనూ జీపెక్కియ్యరు.”

“మస్తాన్ వలీ పోయిన రోజు?”

ఓబులేసు చెప్పుకొచ్చాడు. ఆ రోజు గుండ్లేరు జంక్షన్ పార్సిల్ షెడ్డులో తనిఖీ. సగంలో మస్తాన్ వలీ ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. గుండె. అందరూ ఆయన్ను మోసుకుని పరిగెత్తారు. ఎవరో బెల్టు ఊడబెరికి కంచును జీపులో పడేశారు. వయసైపోయిన కుక్క, హ్యాండ్లర్ కూడా లేడు. వేరేవాళ్లకు అలవాటు చెయ్యడం ఎందుకని రిటైర్ చేశారు. పూలదండ వేశారు, బ్యాండు వాయించారు, మంత్రిగారు మిఠాయి పెట్టారు. అన్నీ చేశారు.

“ముక్కు ఎవరూ తీర్సలేదు మేడం,” అన్నాడు ఓబులేసు నేల చూస్తూ. “దండేసినప్పుడు నేనూ సప్పట్లు కొడ్తి.”

మస్తాన్ వలీ భార్య హసీనాబీ మసీదు వెనక సందులో ఉంటుంది. బొంతలు కుడుతుంది. సుంకమ్మ వెళ్లేసరికి సగం కుట్టిన బొంత ఒళ్లో పెట్టుకుని ఉంది. తలుపు పక్కన ఒకే జత చెప్పులు, గూట్లో ఒకే గ్లాసు. తన క్వార్టర్ కూడా ఇలాగే ఉంటుందని సుంకమ్మకు తోచింది.

“కంచు బాగుండాదా?” అని మొదట అడిగింది హసీనాబీనే. “సూసిపోదామని ఎన్నోసార్లు బయల్దేరితినమ్మా. బస్టాండు దాకా వచ్చి ఎనిక్కి తిరిగిపోతి. దాని మొగం సూస్తే పక్కన ఆయన లేనట్టు తెలిసిపోతాది. ఇంట్లో ఉంటే డ్యూటీకి పోయినాడులే అనుకోవచ్చు.”

సుంకమ్మ వచ్చిన పని చెప్పింది. చెబుతూనే బొంతల దొంతర వైపు వంగింది. ఆమెకు తెలియకుండానే చెయ్యి దొంతర వెనక్కి పోయి, ఒక చిన్న రేకుడబ్బాను పట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఆ చేతి వంక చూశారు.

“ఎట్ల తెలిసె నీకు?” హసీనాబీ డబ్బా అందుకుంది. “ఆయన డబ్బానే అది. లోపలి సరుకు ఆఫీసోళ్లు తీసుకోనిరి, ఒట్టి డబ్బా నాకిచ్చిరి, వాసన ఇంకా పోలేదు. సూదులేసుకుంటాండా. పండగ రోజు పర్మిషన్ తీసుకోని కంచును ఇంటికి తెచ్చేటోడు. ఇదే డబ్బాను ఉప్పు జాడీ ఎనక, బియ్యంలో దాసేటోడు. అది పట్టుకుంటే ఇద్దరూ ఒకటే గంతులు. నన్ను పట్టించుకునేటోళ్లు కాదు. ‘నేనేమన్నా దాసుకుంటే ఎతుకుతావా నువ్వు?’ అని తిడ్తుంటి.”

“కంచుకు ముక్కు తీర్సల్ల హసీనమ్మా. ఆగిన కాడ నుంచే, ఆ షెడ్డులోనే. మీరు రావల్ల.”

“నేనా? నాది పోలీసు సెయ్యి కాదే.”

“ఆయన సేతిని ఎరిగిన సెయ్యి మీదొక్కటే.”

హసీనాబీ సూదిని బొంతకు గుచ్చి, డబ్బాలోని సూదులన్నీ కొంగులో పోసుకుని ముడి వేసింది.

గురువారం మధ్యాహ్నం బయల్దేరుతుంటే శేషఫణి గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు. చేతిలో జంటపట్టీ.

“ఇది కట్టుకుని వెళ్లండి. దానికి తీరే క్షణంలో మీకూ తీరాలంటే ఇదొక్కటే దారి.”

“కట్టి చూసినాం సార్. మెడకు ఇదుంటే డ్యూటీ బెల్టు వేసినా లేవడం లేదు. ఇది కడితే పేషెంటని దానికి తెలుసు.”

“అయితే వద్దు. ఇంకేదైనా ఆలోచిద్దాం.”

“రేపు శుక్రవారం.”

“సుంకమ్మా!” ఎప్పుడూ ‘గారూ’ వదలని మనిషి వదిలేశాడు. “పట్టీ లేకుండా చేస్తే కుక్కకు తీరుతుంది, నీకు తీరదు. ఆ మోకాలైతే నూనె రాసుకుంటున్నావు. దీనికేం రాసుకుంటావు?”

సుంకమ్మ కంచు వంక చూసింది. గేటు వైపే చూస్తూ పడుకుని ఉంది. ఆ చూపు ఎలాంటిదో ఇప్పుడు ఆమెకు లోపలి నుంచి తెలుసు. తెలిసీ ఇంకొక రోజు దాన్ని అలా ఉంచడం ఆమెవల్ల కాలేదు.

“నాకైతే ఏం జరిగిందో తెలుసు సార్,” అంది. “పాపం దానికి అదీ తెలీదు.”

పార్సిల్ షెడ్డులో ఆ వేళ జనం లేరు. పాసింజర్ వెళ్లిపోయింది. స్టేషన్ మాస్టరు మస్తాన్ వలీని ఎరిగినవాడు, ఏమీ అడగకుండా తలుపు తీయించాడు. ఓబులేసు ముందుగానే వెళ్లి, వేరుశనగ విత్తనాల మూటల వెనక డబ్బా పెట్టి వచ్చాడు. సుంకమ్మ కంచును జీపులోంచి రెండు చేతులా ఎత్తి దించింది. ఎంత తేలికైపోయిందో! అద్దాల బీరువాలోంచి తెచ్చిన డ్యూటీ బెల్టును హసీనాబీ దాని వీపు మీద వేసి బిగించింది.

బెల్టు పడగానే కంచు లేచి నిలబడింది.

కాళ్లు వణుకుతున్నాయి, తల మాత్రం వంగలేదు. షెడ్డులోకి నడిచింది. మొదటి వరస మూటల దగ్గర ఆగనే లేదు. అవి ఆ రోజే చూసేసింది. తిన్నగా నడి షెడ్డుకు వెళ్లి, ఉట్టి గచ్చు మీద ఒకచోట ఆగి, ముక్కు ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. అక్కడ మూటా లేదు, పెట్టే లేదు.

హసీనాబీ కొంగు నోట్లో కుక్కుకుంది. తన భర్త ఎక్కడ పడిపోయాడో ఆమెకు ఎవరూ చూపించలేదు. ఇప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి కంచు మళ్లీ పని మొదలుపెట్టింది. ఒక పెట్టె, ఒక గోతం, ఒక సైకిల్. విత్తనాల మూటల దగ్గర గాలి రెండుసార్లు గట్టిగా లాగి, కూర్చుంది. డబ్బా వైపు కాదు, వెనక్కి తిరిగి చూసింది. రావలసిన మనిషి కోసం.

“పొండమ్మా,” అంది సుంకమ్మ మెల్లగా.

హసీనాబీ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. రెండు అరచేతులూ కంచు చెవుల వెనక పెట్టి, పండగనాడు తన వంటింట్లో ఆయన నోట విన్న మాటలే, విన్నట్టే అంది: “బస్, బేటీ. హోగయా. ఘర్ కు చల్.” చాలు బిడ్డా, అయిపోయింది, ఇంటికి పద అని. గుడ్డ బంతి నోటికి అందించింది. బెల్టు విప్పింది.

కంచు ఒక్కసారి మొరిగింది. రేకుల కప్పు ఖంగుమంది. బయట టీ అమ్మే అతను లోపలికి తొంగి చూశాడు. తర్వాత కంచు ఆమె ఒళ్లో తల పెట్టి, ఇంత పొడుగు నిట్టూర్పు విడిచి, బంతి నోట్లో ఉండగానే నిద్రపోయింది. దాని చెవులు కదలడం ఆగిపోయింది.

“సూడు మేడం, గురక!” ఓబులేసు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

సుంకమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తెలిసే వచ్చింది. అయినా తన ఛాతీలో దారం కూడా తెగుతుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూసింది. తెగలేదు. అందరూ కంచు చుట్టూ ఉండగా ఆమె కళ్లు నెమ్మదిగా పక్క మూట మీదికి, దాని పక్క మూట మీదికి పోయాయి.

శుక్రవారం కమిటీ వచ్చేసరికి కంచు కంచం నాకుతున్నది. “ఇంత బాగున్న కుక్కకా సూది అడిగారు?” అని ఒక సభ్యుడు మందలించాడు. సుంకమ్మ మందలింపు పడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కాగితం తీసి అంతా రాసుకున్నాడు. ఆ ఏడే నియమం మారింది. ఇప్పుడు ఏ జాగిలానికైనా ముక్కు తీర్చాకే దండ వేస్తారు.

కంచు ఆ వానాకాలమంతా బతికింది. తిన్నది, గురక పెట్టింది, హసీనాబీ వచ్చిన రోజున ఆమె బొంతల మీద దొర్లింది. ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది.

సుంకమ్మను బాగుచెయ్యాలని శేషఫణి చెయ్యని ప్రయత్నం లేదు. ఓబులేసు డబ్బా దాచాడు. పంపు వెనక ఆమెకు వెంటనే దొరికింది. దొరికినా తీరలేదు. బంతి చూస్తే మనిషికి పొంగేదేముంటుంది? ఆమె అదే ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్నది. ఆమెను పట్టీ కట్టుకోనివ్వకుండా ఇప్పుడు శేషఫణే కట్టుకుంటున్నాడు, అప్పుడప్పుడు కుంటుతున్నాడు కూడా. ఆదివారాలు సుంకమ్మ మసీదు వెనక సందుకు వెళుతుంది. తలుపు పక్కన రెండు జతల చెప్పులు ఉంటాయి. బయల్దేరేటప్పుడు హసీనాబీ ఆమె తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, “బస్, బేటీ. ఘర్ కు చల్” అంటుంది. పని చెయ్యదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె అనకుండా ఉండదు, ఈమె వినకుండా కదలదు.

మీరు ఎప్పుడైనా ఆ దారిన రైల్లో పోతుంటే, గుండ్లేరు జంక్షన్‌లో ఎడమకాలు కొంచెం ఈడుస్తూ ఎక్కిన ఒకామె మీ సీటు కిందికి వంగి చూస్తే, దొంగ అనుకోకండి, మతి లేనిదనుకోకండి. కాళ్లు కాస్త పక్కకు తీసుకుని, చూడనివ్వండి. ఒక జాగిలం దించుకున్న డ్యూటీని ఆమె మోస్తున్నది. పేరు సుంకమ్మ. మీరు ఇల్లు చేరి, చెప్పులు విప్పి, హమ్మయ్య అని కూర్చున్నప్పుడు, ఆ పేరు ఒక్కసారి గుర్తు చేసుకోండి.